రేపటి తెర

వకుళ పొద్దుటి నుంచీ ‘రేపు’ అన్న మాటకు రంగు వెతుకుతోంది. పసుపు పెడితే హెచ్చరికలా ఉందన్నారు. ఆకుపచ్చ పెడితే మరీ ఆశపెడుతున్నట్టుందని ఆమే తీసేసింది. చివరికి పండీ పండని నిమ్మకాయ ఛాయ ఒకటి కుదిరింది. దాన్ని తెర మధ్యలో నిలిపి, కింద ‘మీ మందు రేపు వస్తుంది’ అన్న వాక్యాన్ని వెంట్రుకవాసి పైకి జరిపి, ఎదురుగా ఉన్న గోడ వైపు చూసింది.

గోడంతా వేలిజాడలు. తుని నుంచి యానాం దాకా ఎవరి ఫోనులో మందులు తెప్పించే ‘చేరువ’ యాప్ తెరుచుకున్నా, ఆ తెర మీద తిరిగే వేలు ఇక్కడ ఒక తెల్లటి గీతై కదులుతుంది. ఆ యాప్ తెరలు గీసే వకుళలాంటి తెరశిల్పులకు పేర్లు కనబడవు, మొహాలు కనబడవు. ఎవరికే రోగమో అంతకన్నా తెలియదు. అయినా ఏళ్ళ తరబడి చూసిన కంటికి వేలే మనిషి. తడబడుతూ రెండుసార్లు నొక్కేది పెద్దవాళ్ళ వేలు. పిల్లను చంకనేసుకున్న తల్లి బొటనవేలితోనే పని కానిచ్చేస్తుంది. కోపం వచ్చిన వేలు తెరను విసురుగా తోసేసి పోతుంది, ఊరట పొందిన వేలు మెల్లగా జారుతుంది. ఆ మెల్లగా జారేవాటి లెక్కనే ఆఫీసులో ఊరటశాతం అంటారు. వకుళ పనితనానికి అదే కొలబద్ద.

కొత్త రంగు వెళ్ళిన కాసేపటికే గోడ మీద వేళ్ళు మెత్తబడ్డాయి. బాగా చేశానని సంతోషపడాల్సిన మనిషి బల్ల మీద మోచేతులు ఆన్చి తల పట్టుకుంది. పొద్దున ఇంట్లో చూసిన అరబిళ్ళ ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఆమె భర్త దామోదర్ మేనత్త కొడుకే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని తినేసిన చోట నిలబెట్టిన గాలిమరల్లోకి ఎక్కి, వాటిని బాగుచేయడం అతని పని. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. నిశ్చల బిళ్ళ మొదలుపెట్టాక మళ్ళీ రాలేదు. బిళ్ళ పడుతున్నంతకాలం పైకి ఎక్కవచ్చు, పడకపోతే ఎక్కకూడదు, అదీ షరతు. బిళ్ళ అందుతోందో లేదో గాలిమరల కంపెనీకి చేరువే చెబుతుంది. తెర మీద ‘రేపు’ అని ఉందంటే అందుతున్నట్టే లెక్క.

“ఇదేంటి బావా, సగమే వేసుకుంటున్నావు?” అని అడిగింది పొద్దున.

“ఉన్నవి సర్దుకోవాలి కదే. రేపొచ్చేస్తుందని చెబుతోందిగా.”

“ఎప్పట్నుంచి ఈ సగాలు?”

“ఈ మధ్యే. ఏం అవలేదులే. నువ్వు చేసిన తెరే కదా, నువ్వే నమ్మకపోతే ఎలాగే?” అని నవ్వి, మిగిలిన సగాన్ని కాగితంలో చుట్టి ఉప్పు డబ్బా పక్కన దాచి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. జిల్లా మొత్తానికీ మెత్తటి మాటలు అల్లిపెట్టే మనిషికి ఇంట్లో ఒక్క మాట కూడా దొరకలేదు.

అసలు ఆ మాట ఆమె పెట్టిందే. చేరువ మొదటి నమూనా గీస్తున్నప్పుడు, మందు లేకపోతే తెర మీద ఏం కనిపించాలో ఎవరూ చెప్పలేదు. ఖాళీగా ఉంటే బాగుండదని తాత్కాలికంగా ‘రేపు వస్తుంది’ అని రాసి ఉంచింది. అది వాళ్ళ నాన్న మాట. పిఠాపురంలో ఆయనకు మెడికల్ షాపు ఉండేది. షాపులో కూర్చుని లేదు అనకూడదు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అనేవాడు. చీటీ చూసి, అర చూసి, “రేపొస్తుందండి, పొద్దున్నే రండి” అనేవాడు. సెలవులకు మేనమామ ఇంటికొచ్చే దామోదర్ కూడా ఆ మాట వింటూ పెరిగినవాడే. నమూనాను జనం చేత వాడించి చూసినప్పుడు అన్ని వాక్యాలకన్నా దానికే ఎక్కువ ఊరట వచ్చింది. తాత్కాలికం కాస్తా శాశ్వతమైంది.

ఇవాళ ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. రేపు అన్నచోట ఉదయమో సాయంత్రమో కూడా చూపిస్తే జనానికి ఇంకాస్త ధైర్యంగా ఉంటుంది, తనకూ ఉంటుంది. లేచి తూనిక గదికి వెళ్ళింది.

తూనికకు ప్రభుత్వం పెట్టిన పేరు వేరే ఉంది, అది పూర్తిగా పలికేలోపు జ్వరం దిగిపోతుంది. ఉప్పునీళ్ళు ఎక్కి మందుల ఫ్యాక్టరీలు మూతపడ్డాక, ఉన్న కాస్త మందూ ముందు ఎవరికి ఇవ్వాలో ఆ కంప్యూటరే తూస్తుంది. ప్రతి మనిషికీ ఒక అవసరాంకం. అంకం పెద్దదైతే మందు కదులుతుంది, చిన్నదైతే రేపటి తెర పడుతుంది. షాపులో కూర్చున్నవాడికి పొట్లం చేతికందించే పని ఒక్కటే మిగిలింది. ఆ తూనికకు కాపలా భానోజీరావు.

“భానోజీ గారూ, నిశ్చల బిళ్ళ ఎప్పుడొస్తుందో తూనికలో ఏ గడిలో ఉంటుందండీ? తెర మీద పొద్దుటో సాయంత్రమో కూడా చూపిద్దామని” అంది.

భానోజీరావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “అలాంటి గడి లేదమ్మా.”

“నిశ్చలకా?”

“దేనికీ లేదు. రేపు అన్నది తూనికలోంచి రావట్లేదు. మీరు రాసిన మాటే అది. అంకం తక్కువున్నోళ్ళకి ఆ తెర పడుద్ది, అంతే.”

వకుళ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. “మరి నిశ్చల ఎప్పుడొస్తుంది?”

“దాన్ని చేసే ఫ్యాక్టరీయే లేదిప్పుడు. మిగిలిందంతా ఆసుపత్రుల్లోకి పోయింది. రాదమ్మా అది.”

“జనం బిళ్ళలు విరుచుకుని ఎదురుచూస్తున్నారండీ!”

“తెలుసు. విరుచుకుంటే ఆర్డరు పెట్టడం ఆలస్యమవుద్ది. ఆలస్యమైతే ఆ మనిషికి అంత అవసరం లేదనుకుని తూనిక అంకం తగ్గించేస్తది. దాన్ని తయారుచేసినోళ్ళకి మన ఇళ్ళ సంగతి తెలీదు కదా. బిళ్ళని పొదుపు చేసుకునే మనుషులుంటారని వాళ్ళు అనుకోలేదు.”

“అంటే ఓపిక పట్టినవాడే వెనక్కి పోతాడు.”

భానోజీరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

“వేరే బిళ్ళలున్నాయి కదండీ. డాక్టరు నెమ్మదిగా మారుస్తాడు. మార్చినన్నాళ్ళూ ఎత్తులెక్కకుండా, బండి నడపకుండా ఉంటే చాలు. లేదని తెలిస్తేనే కదా వెళ్ళి అడిగేది?”

“లేదని చెబితే ఏమవుద్దో మీకు తెలుసా?” అతని గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. “చేరువ రాకముందు ఓసారి షుగరు మందు లేదని ఒక్క పూట షాపుల్లో బోర్డు పెట్టించేం. సామర్లకోటలో షాపు షట్టరు పీకేసేరు. షాపాయన చెయ్యి నలిగిపోయింది. ఆసుపత్రికెళ్ళి చూసొచ్చేను నేను. ఆ చెయ్యి తీసేసేరమ్మా. ఇంక నా వల్ల కాదు. మీరూ ఆ మాట ఎత్తకండి.”

వకుళకు కోపం రావాల్సింది, రాలేదు. అతను మోసగాడు కాడు. చేతగాక ఊరుకున్నాడు, ఆమెకూ ఏం చేతనవడం లేదు. ఆ గదిలో మందు ఒక్క బిళ్ళ కూడా లేదు. ఉన్నదల్లా మాట, అదీ ఉత్తది.

తన బల్ల దగ్గరకు తిరిగి నడుస్తుంటే నాన్న గుర్తొచ్చాడు, ఈసారి పూర్తిగా గుర్తొచ్చాడు. రేపొస్తుందండి అని ఆయన ఊరుకునేవాడు కాదు. షాపు కట్టేసి, గుడ్డసంచీ పట్టుకుని కాకినాడ బస్సెక్కేవాడు. హోల్‌సేల్ షాపులన్నీ తిరిగి, అక్కడ దొరక్కపోతే రాజమండ్రి పోయేవాడు. ఎక్కడా దొరకని రోజున నేరుగా ఆ ఇంటికే వెళ్ళి గుమ్మంలో నిలబడి, “దొరకలేదండి, డాక్టరు గారితో చెప్పి వేరేది రాయించుకోండి” అని చెప్పి వచ్చేవాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆయన రేపు వెనక ఒక బస్సు ప్రయాణం ఉండేది. వకుళ ఆ మాటను తెచ్చుకుంది గానీ, బస్సెక్కే మనిషిని తెచ్చుకోలేకపోయింది.

దామోదర్‌కు ఫోను చేసింది. మోగలేదు. గాలిమరల ఆఫీసుకు చేసింది.

“పైకెక్కేసేరండీ. దిగేదాకా సొంత ఫోన్లు పనిచెయ్యవు” అన్నాడు అక్కడి మనిషి.

“ఆయన్ని దించాలండీ. ఒంట్లో మందు సరిగ్గా లేదు.”

“చేరువలో చూసేనండి, సరిగ్గానే ఉందే! రేపొస్తుందని కూడా ఉంది. ఆరోగ్యం సంగతేదైనా ఉంటే చేరువే పైకి మోగుద్ది కదండీ. మీ మాట మీద మనిషిని దించేస్తే నా ఉద్యోగం పోద్ది.”

ఫోను పెట్టేసింది. తన చేతులతో చేసిన తెర తన మాటకు అడ్డం పడుతోంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అతని ఫోనులో చేరువ ఒక్కటే మోగుతుంది. కానీ ఆ వాక్యాన్ని ఒక్కరికే మార్చే వీలు లేదు. మార్చితే జిల్లాలో ఎదురుచూస్తున్న అందరికీ మారుతుంది. బావ ఒక్కడికి చెప్పుకునే సందు ఆ తెరలో ఎక్కడా లేదు.

సామర్లకోట షాపాయన చెయ్యి గుర్తొచ్చింది. ఇవాళ ఇంకెవరి చెయ్యైనా పోతే ఆ పాపం తనదే. అదే సమయంలో ఎత్తయిన ఇనుపగొట్టం లోపల, సగం బిళ్ళ మీద, తన మాట నమ్మి ఎక్కుతున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఏం చేసినా ఎవరో ఒకరికి గండమే.

పొద్దుటి నుంచీ వెతికి వెతికి కుదుర్చుకున్న నిమ్మకాయ రంగును తుడిచేసింది. మామూలు నల్లటి అక్షరాలతో రాసింది: ‘ఈ మందు లేదు. ఎప్పుడు వస్తుందో మాకు తెలియదు. విరుచుకుని సర్దుకోకండి. ఎత్తులు ఎక్కకండి, బండి నడపకండి. ఇవాళే డాక్టరుతో మాట్లాడండి.’ మళ్ళీ చదువుకుంటే ధైర్యం చాలదని చదవకుండానే పంపేసింది.

గోడ మీద వేళ్ళన్నీ ఆగిపోయాయి. విసురుగా తోసే వేలు లేదు, మెల్లగా జారే వేలు లేదు. మూల ఒక్క వేలు మాత్రం అక్షరం అక్షరం కిందుగా జరుగుతూ వాక్యాన్ని చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది. తర్వాత గీతలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. జనం ఫోన్లు మూసి ఎటో బయలుదేరుతున్నారు. తూనిక గదిలో గంట మోగింది. ఎదురుచూసేవాళ్ళు ఎదురుచూపు మానేస్తే ఏం చేయాలో దానికి ఎవరూ నేర్పలేదు.

భానోజీరావు పరుగున వచ్చాడు. “ఏం చేసేరమ్మా! వెనక్కి తిప్పండి!”

“తిప్పుతానండి. మా ఆయన పైన ఉన్నాడు. దిగేదాకా ఆగండి.”

అతను వినిపించుకోకుండా పాత తెరను తెచ్చే మీట మీదకు చెయ్యి చాచాడు. అంతలో బల్ల మీద ఫోను మోగింది, గాలిమర ఎక్కేవాళ్ళు నడుముకు తగిలించుకునే పనిఫోను నుంచి. వకుళ గబుక్కున ఎత్తింది. గొంతు గదంతా వినిపించింది.

“వకుళా, లేదంటుందేంటే ఇది?”

“లేదు బావా. ఇంక రాదు. దిగిపో.”

“నువ్వే పెట్టావా?”

“నేనే.”

“మావయ్య అయితే గుమ్మం దాకా వచ్చి చెప్పేవాడు” అన్నాడు. నిష్ఠూరమో నవ్వో పోల్చుకోలేకపోయింది. “సరే, దిగుతున్నాను. ఫోను పెట్టకు.”

ఇనుప మెట్ల మీద బూట్లు పడుతున్న చప్పుడు, రోట్లో దంచినట్టు. కిటికీ బయట ఎక్కడో షట్టరు కిందకి లాగిన మోత, ఆ వెంటే అరుపులు. భానోజీరావు చెయ్యి మీట మీదే ఉంది. నొక్కలేదు, తియ్యలేదు.

మెట్ల చప్పుడు ఆగిపోయింది.

“బావా?”

“చెయ్యి వణుకుతోందే. చాలా పైనే ఉన్నాను ఇంకా.” ఊపిరి బరువుగా వినిపించింది. “ఏం కాదు కదా?”

ఏం కాదు. కంగారు పడకండి. కాసేపట్లో సర్దుకుంటుంది. ఇన్నేళ్ళూ తెర మీద పెట్టిన మెత్తటి మాటలన్నీ ఆమె నాలుక చివరకు వచ్చేశాయి. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

“నాకు తెలీదు బావా” అంది. “తాడు తగిలించుకున్నావా?”

“ఆఁ.”

“ఇంక దిగకు. అక్కడే కూర్చుని రెండు చేతులతో పట్టుకో. నేనిక్కడే ఉన్నాను.”

ఉండి చేయగలిగిందేమీ లేదని ఆమెకు తెలుసు. భానోజీరావుకూ తెలుసు. అతను మీట మీద చెయ్యి తీసేశాడు. పక్క బల్ల మీదున్న ఫోను తీసి గాలిమరల ఆఫీసుకు కలిపాడు.

“చేరువ నుంచండి, భానోజీరావుని. పైన మెట్ల మీద మీ మనిషి ఉన్నాడు, మనుషుల్ని ఎక్కించండి. మందు రేపు కూడా రాదండి.” అవతల ఏదో అన్నారు. అతను కళ్ళు మూసుకున్నాడు. “సరిగ్గానే విన్నారు. లేదు అంటున్నాను. లేదు. ముందు మనిషిని పట్టుకోండి.”

వకుళ ఫోను చెవికి ఆన్చుకుని, గొట్టంలో తిరుగుతున్న గాలిని వింటూ కూర్చుంది.