మొండోడి మీద మూడో పెట్టె

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి లాండ్రీ షాపు మెట్లు దిగుతున్న మనిషి మెడలో ఒకే ఒక్క బుల్లెట్ దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. సోడా మూత తీసినంత చప్పుడు కూడా రాలేదు. ఇస్త్రీ చొక్కాలు నలగకుండా గుండెకు హత్తుకున్నట్టే ఆ మనిషి కూలబడ్డాడు. కాల్చినవాడు ఎదురుగా ఆగిన బస్సెక్కి, టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని వెళ్లిపోయాడు.

చనిపోయింది కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో సీనియర్ ఏజెంట్. ఆఫీసులో అందరూ అతన్ని 'అన్న' అనేవాళ్లు. సొంత తమ్ముడు కూడా అదే ఫ్లోర్‌లో పనిచేసేవాడు కాబట్టి అతనికి 'తమ్ముడు' అన్న పేరు ఖాయమైపోయింది.

మార్చురీలో కాగితాల మీద తమ్ముడే మూడు చోట్ల సంతకాలు పెట్టాడు. గుమస్తా స్టేప్లర్‌లో పిన్నులు అయిపోతే తన ఫైలుకున్న గుండుసూది తీసిచ్చాడు. ఏడుపు వస్తుందేమోనని బెంచీ మీద కాసేపు కూర్చుని చూశాడు. రాలేదు. ఇంటికెళ్లి అమ్మకు రోడ్డు యాక్సిడెంట్ అని చెప్పాడు. అమ్మ గోడకు తల కొట్టుకుంటుంటే ఆ తలకూ గోడకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. అంతవరకే చేయగలిగాడు. లోపల కరెంటు పోయిన ఇల్లులా ఉంది.

గురువారం సాయంత్రం చీఫ్ పిలిచాడు.

"కూర్చో."

"ఫర్వాలేదు సార్."

"కూర్చోమన్నానా?"

తమ్ముడు కూర్చున్నాడు. టేబుల్ మీద మ్యాప్ పరిచి ఉంది.

"రేపు సాయంత్రం నాలుగింటికి ఈ లోయలో ఒక ఫ్లైట్ దిగాలి," అన్నాడు చీఫ్. "అందులో పదకొండు మంది. రెండు దేశాల మధ్య నదీజలాల ఒప్పందం మీద సంతకాలు పెట్టేవాళ్లు. రేపంతా మబ్బు. అంటే పైలట్‌కు కళ్లు పనికిరావు, చెవులే దిక్కు. రన్‌వే పక్కనున్న రేడియో బెకన్ సిగ్నల్ పట్టుకుని దిగుతాడు."

"అయితే?"

"లోయ పక్కనున్న ఈ కొండవరస మీద దొంగ బెకన్లు మూడు పెట్టారు. అదే ఫ్రీక్వెన్సీ. మధ్యాహ్నం మూడూ నలభైకి ఆన్ అవుతాయి. వాటిలో ఒక్కటి మిగిలినా చాలు, పైలట్ రన్‌వే అనుకుని తిన్నగా కొండలోకి పోతాడు."

"ఫ్లైట్ ఆపేస్తే పోలేదా సార్?"

"కంట్రోల్ టవర్‌లో వాళ్ల మనిషి ఒకడున్నాడు. ఎవడో తెలీదు. ఆపితే వాడు కుక్కిన పేనులా కూర్చుంటాడు, నెల తిరిగేసరికి ఇంకో ఎత్తు వేస్తారు. అదే ఫ్లైట్ క్షేమంగా దిగిందనుకో, టవర్‌లో ఎవడి మొహం మాడిపోతుందో వాడే మన దొంగ."

"హెలికాప్టర్?"

"ఆ మబ్బులో కాకి కూడా ఎగరదు. నడుస్తావో, పాకుతావో, దేకుతావో నీ ఇష్టం. ఐదు శిఖరాలు."

"ఆ బెకన్ పెట్టెలు ఎక్కడున్నాయో తెలుసా?"

"పెట్టినావిడే చెప్పింది. నీతో వస్తోంది."

పక్కగది తలుపు తెరుచుకుంది. ముదురాకుపచ్చ చీర, మెడలో ముత్యాలు, చంపల మీద అప్పుడే స్టేజి దిగొచ్చినట్టు మెరుపు. హోటళ్లలో పాటలు పాడే మనిషి. ఫైళ్లలో ఆమె కోడ్ నేమ్ 'నెమలి'.

"ఈ పెట్టెలు పెట్టించిన విదేశీ ముఠాలో మూడేళ్లుగా మన మనిషి," అన్నాడు చీఫ్. గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. ఇంకెవరో చెప్పేకంటే నేనే చెప్పడం మర్యాద. అన్న పేరు వాళ్లకు అందించింది ఈవిడే."

నెమలి తల దించుకోలేదు. తమ్ముడు మ్యాప్ మడతపెట్టాడు.

"ఎన్నింటికి బయల్దేరాలి సార్?"

తెల్లవారి ఆరింటికి కొండ కింద వాళ్లు జీపు దిగారు. వేషం, పెళ్లై పదేళ్లైన భార్యాభర్తలు, కొండలెక్కే సరదా ఉన్నవాళ్లు. తమ్ముడి చెవిలో చెవిటివాళ్లు పెట్టుకునే మిషన్ ఉంది. దొంగ బెకన్ ఆన్ కాకున్నా, దగ్గరయ్యేకొద్దీ అది కీచుమంటుంది. ఇద్దరి నడుములకూ ఒకటే తాడు.

"మూడు ఎప్పుడూ రాతి మీద, ఒకటే గాల్లో," అంది నెమలి. కాళ్లూ చేతుల గురించి. "ఏది కదిపినా మిగతా మూడింటినీ అడిగి కదపండి."

ముత్యాలు పోయి ఉన్ని టోపీ వచ్చింది గానీ, ఆమె రాళ్లెక్కే తీరులో అదే హుందాతనం. మొదటి శిఖరాన్ని గూని అంటారు. పైకంటా గులకరాళ్లే. రెండడుగులు ఎక్కితే ఒకటి జారుతోంది. ఎనిమిదిన్నరకు కొన చేరారు. బండసందులో బూట్ల అట్టపెట్టంత ఇనప్పెట్టె. తమ్ముడు నాలుగు స్క్రూలు విప్పి సిగ్నల్ పుట్టించే గోరంత క్రిస్టల్ ఊడబెరికి, మూత మళ్లీ బిగించాడు. పైన చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. దూరం నుంచి చెక్ చేసేవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

తర్వాతవి కవలలు, పక్కపక్కనే రెండు శిఖరాలు. మధ్యలో గొడ్డలితో నరికినట్టున్న గండిలోకి దిగి మళ్లీ ఎక్కాలి. పట్టుకున్న రాయి పట్టుకున్నట్టే చేతిలోకి ఊడొస్తోంది. పదకొండున్నరకు రెండో పెట్టె పని కూడా అయింది. దార్లో బిస్కెట్లు తిన్నారు. తమ్ముడికి అవి అట్టముక్కల్లా ఉన్నాయి. ఆమె మాట కలపబోయింది. అతను బూట్ల లేసులు బిగించుకుంటూ ఉండిపోయాడు. అడగాల్సిన ప్రశ్న నాలుక మీదే ఉంది. జవాబు విన్నా తనకేమీ అనిపించదేమో అన్నదే అతని భయం.

కవలల అవతల మెడలాంటి చోట రాతి షెల్టర్ ఉంది. రెండు పక్కలా అగాధం, దారి ఆ గుమ్మం ముందు నుంచే.

"కాపలావాడు ముఠా మనిషి," గొంతు తగ్గించింది నెమలి. "నా మొహం ఎరగడు. మేం పెట్టెలు మోసినప్పుడు ఇతనింకా ఇక్కడికి రాలేదు."

గుమ్మంలో మఫ్లర్ చుట్టుకున్న ముసలివాడు, మెడలో బైనాక్యులర్స్. మంచం కింద వైర్‌లెస్ సెట్ మూల కనిపిస్తోంది.

"ఈ మబ్బులో మొగుడూ పెళ్లాలకు ఇక్కడేం పని?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు గానీ దారికి అడ్డం తప్పుకోలేదు.

నెమలి చప్పున గొంతు పెంచింది. "విన్నారా? దారినపోయే ఆయన కూడా అదే అడుగుతున్నాడు! వద్దు మొర్రో అంటే నా మాట ఎప్పుడైనా విన్నారా?"

"నువ్వు ఎవరి మాట విన్నావని నేను వినాలి?" అన్నాడు తమ్ముడు. అంతవరకు వేషమే. ఆ తర్వాతి మాట దానంతటదే వచ్చేసింది. "మా అన్నయ్యను ఎందుకు పంపేశావు?"

ఆమె రెప్ప ఒక్కసారి కొట్టుకుంది.

"నేను పంపానా? బావగారే వెళ్తానన్నారు."

"అబద్ధం."

"ఇద్దరిలో ఒకరు పోవాల్సిందేనని వాళ్లు పట్టుబట్టారు. నా మీద నమ్మకం కుదరాలంటే ఒక పేరు చెప్పమన్నారు. మీరా, ఆయనా? నేను చెప్పలేకపోయాను. వెళ్లి ఆయన్నే అడిగాను."

"ఎవరమ్మా పట్టుబట్టింది?" అన్నాడు కాపలావాడు, కథ రంజుగా ఉందని దగ్గరకొచ్చి.

"ఇంకెవరు, మా పుట్టింటివాళ్లు!" తడుముకోకుండా అంది. మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది. "నా పేరే చెప్పెయ్ అన్నారు."

"సరిగ్గా ఏమన్నాడు? ఆ మాట చెప్పు."

"'తమ్ముడి పేరు చెబితే మా అమ్మ నన్ను చంపేస్తుంది. ఆవిడకంటే వాళ్లే నయం' అన్నారు." ఆమె ఉన్ని టోపీ కిందికి లాక్కుంది. "నవ్వారు కూడా."

కాపలావాడు తొడ చరుచుకుని నవ్వాడు. "గడుసువాడేనమ్మా మీ బావగారు! ఇంకా నేనేమో అనుమానపడ్డాను. ఇంత కొట్టుకుంటున్నారంటే అసలు సిసలు ఆలుమగలే." దారి వదిలాడు. ఇద్దరికీ వేడినీళ్లు పోసిచ్చాడు. వాళ్లు పాతిక గజాలు దాటగానే వైర్‌లెస్‌లో అతను చెబుతున్నది గాలికి వినిపించింది. "ఎవరూ లేరు. ఒక జంట, దెబ్బలాడుకుంటూ పోతున్నారు."

తమ్ముడు నడుస్తూ లోపలికి చూసుకున్నాడు. కోపమో, దుఃఖమో ఏదో ఒకటి తెగుతుందని ఎదురుచూశాడు. అన్నయ్య నవ్వు కళ్లముందు కనిపించింది. అదీ గాజు అవతల కనిపించినట్టే.

నాలుగోది రంపం. నిజంగానే పళ్లు పళ్లుగా ఉంది. ఒక్కో పన్ను మీదికి పాకి, గుర్రమెక్కినట్టు రెండు కాళ్లూ రెండు అగాధాల్లోకి వేలాడేసి, దేకుతూ ముందుకు జరగాలి. మబ్బు వచ్చి కప్పేసింది. రాతి మీద మంచు పేరుకుంది. రెండున్నరకు, చివరి పన్ను దగ్గర నెమలి కాలి కింద రాయి కదిలింది. ఆమె అరవను కూడా లేదు, కనిపించకుండా పోయింది. తాడు తమ్ముడి అరచేతుల్లోంచి జర్రున జారి, గ్లౌజులనూ కింద చర్మాన్నీ చీల్చుకుంటూ పోయి, ఆగింది.

"పట్టుకున్నారా?" కిందనుంచి అడిగింది.

"పట్టుకున్నాను."

పైకి లాగాడు. ఆమె అతని చేతుల వంక చూసి తన మఫ్లర్ చింపి కట్టింది. నొప్పి తెలియలేదు. వేళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

మూడూ ఇరవైకి మొండోడి తల మీద నిలబడ్డారు. ఐదో శిఖరం. నెమలి ఒక బండ చాటున కూర్చుని వెతికింది. మళ్లీ వెతికింది.

"ఇక్కడే పెట్టాను."

తమ్ముడు ఆమెకేసి చూశాడు.

"అలా చూడకండి. మార్చేశారు. నన్ను వాళ్లూ పూర్తిగా నమ్మలేదన్నమాట."

అతను చెవి మిషన్ తిప్పాడు. ఉత్తరం అంచుకు వెళ్లేసరికి కీచుమంది. బోర్లా పడుకుని చూస్తే, నిలువు గోడలో ఎనిమిది బారల కింద చిన్న అరుగు, దాని మీద పెట్టె.

ఆమె బండ వెనక కాళ్లు తన్నిపెట్టి, తాడు నడుముకు చుట్టుకుంది. అతను దిగాడు. మూడూ ముప్పై ఆరుకు తాడు అయిపోయింది. తలకిందులై చెయ్యి చాస్తే పెట్టె మూత మీద వేలికొనలు ఆనుతున్నాయి, అంతే. స్క్రూడ్రైవర్ తీశాడు. చచ్చుబడిన వేళ్లలో అది నిలవలేదు, జారి మబ్బులో పడిపోయింది. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

మూడూ నలభై. పెట్టె మీద దీపం ఎర్రగా మారింది. చెవిలో కీచు భరించలేక మిషన్ పీకేశాడు. పెట్టెను లాగి చూశాడు. తీగలతో రాతికి బిగించి ఉంది. దూరంగా, మబ్బులోపల, విమానం మోత మొదలైంది. మోత పెరుగుతోంది. తిన్నగా ఇటే.

"వదులు!" అరిచాడు, నిటారుగా తిరిగి.

"ఎంత?"

"నడుముది విప్పెయ్! మొత్తం వదులు!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తాడు వదులైంది. మూరెడు కిందికి రాయిలా పడి, బూట్లు రెండూ పెట్టె మీద దిగేసరికి ఏరియల్ పుటుక్కున విరిగింది, మూత పగిలింది, ఎర్రదీపం ఆరిపోయింది. అరుగు మీంచి అతని కాళ్లు జారాయి. తాడు మళ్లీ బిగిసింది.

విమానం నెత్తి మీదకొచ్చింది. గోడలోంచి చిన్న రాళ్లు గలగలా రాలాయి. ఆ మోత అతని పళ్లలోకి ఎక్కింది. అంతలో ఎడమకు వాలి, లోయవైపు తిరిగి, నెమ్మదిగా సన్నబడిపోయింది.

తాడు కదల్లేదు.

అతను గాల్లో వేలాడుతూ ఆలోచించాడు. ఆమె ఇప్పుడు చెయ్యి విప్పితే ఎవరికీ తెలియదు. ప్రమాదమంటారు. అమ్మకు అది చెప్పడానికి ఇంకెవరో వెళ్తారు. ఆ ఆలోచన కూడా పక్కింటివాళ్ల సంగతిలా వచ్చి పోయింది. అప్పుడు తాడు జానెడు పైకి కదిలింది. ఆగింది. మళ్లీ జానెడు.

పైకొచ్చేసరికి నెమలి బండకు తల ఆనించి రొప్పుతోంది. ఆమె అరచేతులు కూడా అతని చేతుల్లాగే ఉన్నాయి.

పొద్దు వాలేవేళకు దక్షిణపు వాలు దిగి రోడ్డెక్కారు. చీఫ్ జీపుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఫ్లైట్ చక్రాలు నేలకు తగలగానే టవర్‌లో అందరూ చప్పట్లు కొట్టారట. ఒకడు మాత్రం బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. వాడి నోరు కడిగించి మరీ తీసుకొచ్చాం. షెల్టర్‌లో ముసలాయన కూడా దొరికాడు. పాపం, మీ ఇద్దరూ రాజీపడ్డారా అని అడిగాడట."

జీపులో హీటర్ వెచ్చగా ఉంది. పది నిమిషాలకు తమ్ముడి వేళ్లలోకి ప్రాణం తిరిగొచ్చింది, పది కొలుములు ఒక్కసారి రాజుకున్నట్టు. కళ్లవెంట నీళ్లు కారాయి. ఆపడానికి చేతులు పనికిరాక కారనిచ్చాడు.

"నొప్పా?" అన్నాడు చీఫ్.

"వేళ్లు సార్."

చీఫ్ ముందున్న రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. ముందు సీట్లో నెమలి, కట్లు కట్టిన చేతులతోనే, డ్రైవర్ అద్దం తనవైపు తిప్పుకుని జుట్టు సవరించుకుంటోంది. చీఫ్ తమ్ముడి చెవి దగ్గరకు వంగాడు.

"రోజంతా పక్కనే ఉన్నావు. ఇంతకీ ఆవిడ నిజంగా మన మనిషేనంటావా?"

తమ్ముడు మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"తాడు కట్టుకున్నంతసేపూ మన మనిషే సార్. ఇప్పుడు విప్పేశాంగా."