పోయిన పేరు

యూన్‌జీ గంజి గిన్నెలు బల్ల మీద పెడుతుండగా ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. సోమవారం పనిలో చేరమని, మళ్ళీ కాన్పుల వార్డే ఇస్తారని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కొడుకు జిన్‌షు ముఖం వెలిగిపోయింది. ఊళ్ళో సగంమంది తల్లులకు పురుడు పోసిన డాక్టరమ్మ యూన్‌జీని ఒకప్పుడు శత్రువుల గూఢచారి అన్నారు. ఆసుపత్రి ఆవరణలో జనం ముందు ఆ మాట రాసిన పలక మెడలో వేలాడదీశారు. అప్పటినుంచి ఆమె అక్కడే మరుగుదొడ్లు కడుగుతోంది. ఇప్పుడు రోజులు మారి, అలాంటివాళ్ళను దేశమంతటా తిరిగి పిలుస్తున్నారు.

"నేను వెళ్ళను" అంది యూన్‌జీ. "పని ఇస్తామన్నారు గానీ పింగ్‌ఫాన్ అనలేదు."

"పనిచ్చాక ఇంక ఆ మాటెందుకమ్మా?"

"పనిలో పెట్టుకోవడం వేరు, అది వేరు. ఆ మాటంటే తప్పు నాది కాదని ఒప్పుకుని, పోయిన పేరు తిరిగివ్వడం. పలక వేసింది ఊరందరి ముందు. తీసేది మన వంటింట్లోనా?"

జిన్‌షుకు కోపం వచ్చింది. అప్పట్లో నేరం ఒప్పుకోని ఆమె మొండితనం వల్లే తన చదువు ఆగిపోయిందని, మళ్ళీ గొడవ పెట్టుకుంటే ఈ పని కూడా పోతుందని అన్నాడు.

కోడలు సూచిన్ భర్తతో నెమ్మదిగా అంది: "బళ్ళో మన పాపను ఇప్పటికీ గూఢచారి మనవరాలనే అంటున్నారు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

జిన్‌షు లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పదమ్మా. ఇద్దరం వెళ్ళి అడుగుదాం."

వారాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి అదే ఆవరణలో సభ పెట్టారు. అధికారి మైకు ముందు నిలబడి, కామ్రేడ్ యూన్‌జీని తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నామని చదివి, కాగితం మడవబోయాడు.

ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని జిన్‌షు జనంలోంచి లేచాడు. "అది కాదండీ. అసలు మాట చెప్పండి."

అప్పుడు బిడ్డను చంకనెత్తుకున్న ఒకావిడ లేచింది. ఆమె పక్కనున్న ముసలామె లేచింది. చూస్తుండగానే ఆవరణంతా లేచి నిలబడింది.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఆమె మీద మోపిన నేరం అబద్ధం. ఆమెకు పింగ్‌ఫాన్ ప్రకటిస్తున్నాం."

చప్పట్లు వీధి దాకా వినిపించాయి. జిన్‌షు తల్లి చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే నిన్ను ఆపబోయానమ్మా."

"చివరికి అడిగింది నువ్వేగా" అంది యూన్‌జీ, తడి కళ్ళతో నవ్వుతూ.

ఇంతలో నర్సు పరుగున వచ్చి వార్డులో ఎవరికో నొప్పులు మొదలయ్యాయంది. యూన్‌జీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ జనం మధ్య నుంచి నడిచింది. అందరూ పక్కకు జరిగి డాక్టరమ్మకు దారిచ్చారు.