రంపం మీద కూర్చున్న మనిషి

బయల్దేరిన రోజు ఉదయం నది ఒడ్డున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ముగ్గురం ఎండుచేపలతో అన్నం తిన్నాం. ఎండ హాయిగా ఉంది. మా సిబుయాన్ దీవిలో కొండ కొస దాకా కనిపించే రోజులు చాలా తక్కువ. ఆ రోజు మబ్బు పోగు కూడా లేదు. పైన గట్టు మొత్తం పళ్లుపళ్లుగా లేచి ఉంది. అందుకే దాన్ని మేం రంపం అంటాం.

మా అన్నయ్య సెల్సో ఆ కొండ మీద పెరిగినవాడే అనాలి. నా మొగుడు దెల్ఫిన్‌ది ఓడలో ఉద్యోగం, ఏడాదికోసారి ఇంటికొస్తాడు. వాళ్లిద్దరికీ పడదు. మా పెళ్లి నాటి నుంచీ పడదు. కారణం అడిగితే ఇద్దరికీ తెలీదు. ఈసారి కొబ్బరికల్లు దగ్గర కూర్చున్నప్పుడు మాటామాటా పెరిగింది. కమ్మీలు పట్టుకుని ఓడ మీద నడిచేవాడు రంపం మీద నడవగలడా అని అన్నయ్య ఎగతాళి చేశాడు. మర్నాడే దెల్ఫిన్ కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు. వీళ్లిద్దరే వెళ్తే ఒక్కడే దిగొస్తాడని అమ్మకి భయం. నన్ను వెంట పంపింది. పెళ్లికి ముందు అన్నయ్యతో శిఖరం దాకా వెళ్లినదాన్నే కాబట్టి నేనూ సరేనన్నాను.

ముందు అన్నయ్య, చివర దెల్ఫిన్, మధ్యలో నేను. వాళ్లిద్దరూ పక్కపక్కన నడవరు. అడవి దాటేదాకా జలగల్ని పీక్కోవడంతోనే సరిపోయింది. చెట్లు పొట్టివై, నాచు పట్టి, చివరికి మోకాలెత్తు పొదలే మిగిలిన చోట గుడారం వేసి పడుకున్నాం. ఒకే గుడారంలో మధ్యలో గోడలా నేను.

మర్నాడు శిఖరం ఎక్కి, అటువైపు దిగే దారి పట్టాం. అసలు రంపం అక్కడే మొదలవుతుంది. రెండు పక్కలా లోయ. కాలు జారితే కింద పడ్డ చప్పుడు కూడా పైకి రాదు. ఒక నిలువు బండ మీంచి తాడు పట్టుకుని జారాం. ఆ బండ తడిస్తే తిరిగి ఎక్కడం కుదరదని అన్నయ్య ముందే చెప్పాడు. అంటే ఇక ముందుకే వెళ్లాలి.

"కిందికి చూడకు బావా. చూసినా నీ ఓడ కనపడదు," అన్నాడు అన్నయ్య వెనక్కి తిరక్కుండానే.

"నీ చెల్లెలు అడ్డం ఉండబట్టి బతికిపోయావు బావా," అన్నాడు దెల్ఫిన్. అది సరదాకి అన్న గొంతు కాదు.

బండ తర్వాత గట్టు మరీ సన్నబడుతుంది. అక్కడ నిలబడి నడవలేం. గుర్రం ఎక్కినట్టు కాళ్లు చెరోవైపు వేలాడేసి, చేతుల మీద ఒళ్లు ఎత్తుకుంటూ జరగాలి. ఇద్దరు ఎదురైతే తప్పుకునే చోటు లేదు. మేం సగం దూరం జరిగేసరికి సముద్రం వైపు నుంచి మబ్బు ఎక్కింది. తెల్లగా, గబగబా. ముందు లోయలు పోయాయి. తర్వాత నా బూట్లు కనిపించలేదు.

పక్షుల అరుపులు ఆగిపోయాయి. గాలి కూడా ఆగింది. అప్పుడొచ్చింది వాసన... తడి గోనెసంచిని ఏళ్ల తరబడి మూసిపెట్టి తెరిచినట్టు.

అన్నయ్య ఆగాడు. అతని భుజం మీంచి చూశాను.

గట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. మాలాగే కాళ్లు చెరోవైపు వేసుకుని, మాకు వీపు పెట్టి. ఆకుపచ్చ వానకోటు, తల కప్పిన టోపీ. కదలడం లేదు.

ఏమైనా దెబ్బ తగిలిందా అని అన్నయ్య మర్యాదగా అడిగాడు. కాస్త ముందుకి జరగమన్నాడు. చాలాసేపటికి సన్నటి గొంతు వచ్చింది. ఆడదో మగాడో తెలీని గొంతు.

"కాళ్లు తిమ్మిరెక్కాయి... లేవలేను. నా మీదుగా దాటండి."

వెనకనుంచి దెల్ఫిన్ ఏమైందని విసుక్కుంటున్నాడు. వాన మొదలైతే ఇక్కడే చస్తామని తిట్టాడు. అన్నయ్య కాసేపు ఆలోచించి, ఆ మనిషి భుజాల మీద రెండు చేతులూ వేసి, ఒళ్లు పైకెత్తి, అవతలికి దాటాడు. ఆ మనిషి బరువుకి కొంచెం కూడా కుంగలేదు.

అవతలికి దాటిన అన్నయ్య మబ్బులో కలిసిపోయాడు. ఒక్క బారెడు దూరం... అంతే. చప్పుడు లేదు.

తర్వాత అన్నయ్య గొంతు వినిపించింది. పళ్లు కొట్టుకుంటున్న గొంతు.

"నిమ్ఫా... దాటొద్దు. వెనక్కి పొండి."

"ఎందుకు?"

"పొమ్మన్నానా..."

అప్పుడు నా ముందున్న మనిషి మాట్లాడింది. తల తిప్పలేదు. కానీ ఆ గొంతు... అదీ అన్నయ్య గొంతే.

"రా చెల్లీ. ఏం కాదు. నా మీదుగా రా."

నా వేళ్లు రాతికి అతుక్కుపోయాయి. అవతలి గొంతు వద్దంటోంది. ఇవతలి గొంతు రమ్మంటోంది. ఇద్దరూ ఒకేసారి. ఒకే గొంతుతో... కాసేపటికి మారాయి. మబ్బులోంచి రమ్మని పిలుపు. వానకోటు కింద నుంచి, మెల్లగా, వెనక్కి పొమ్మని. ఇప్పుడు మా అన్నయ్య ఎవరు?

చెయ్యి చాచి ఆ భుజం ముట్టుకున్నాను. వేళ్లు లోపలికి దిగిపోయాయి. నాచులోకి దిగినట్టు. కోటు అంచుల్లోంచి చల్లటి నీళ్లు కారి నా మణికట్టు తడిపాయి.

దారి తప్పించే దయ్యాలు పట్టుకుంటే చొక్కా తిరగేసి తొడుక్కోవాలి. మా దీవిలో నడక రాని పిల్లలకి కూడా ఆ సంగతి చెబుతారు. చొక్కా తిప్పమని దెల్ఫిన్‌కి గుసగుసగా చెప్పాను. ఏం పిచ్చి అన్నాడు. నేను రాతిని వదిలేశాను. రెండు చేతులూ వదిలేసి, తొడలతో గట్టుని బిగించి పట్టుకుని, చొక్కా తల మీదుగా లాగాను.

తడి గుడ్డ మొహానికి అతుక్కుంది. చీకటి. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

నా మోకాలి మీద ఒక చెయ్యి పడింది.

పట్టుకోలేదు. లాగలేదు. కిక్కిరిసిన పడవలో చోటు దొరికినవాళ్లు కూర్చోబోతూ పక్కవాళ్ల మోకాలి మీద ఆనుకున్నట్టు... ఒక్కసారి బరువు మోపి తీసేసింది.

చొక్కా తిప్పి తొడుక్కుని తల బయటపెట్టాను. గట్టు ఖాళీగా ఉంది. మబ్బు కొంచెం విడింది. ముందు అన్నయ్య కూర్చుని ఉన్నాడు. నాకు వీపు పెట్టి. కదలకుండా.

పిలిస్తే తిరగలేదు. జరిగి జరిగి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

"నిమ్ఫావేనా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

"నేనే అన్నయ్యా."

"నీ చెయ్యి నా ముందుకి పెట్టు."

పెట్టాను. వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. తర్వాత కదిలాడు.

వాన మా వెనకే వచ్చింది. అడవిలోకి దిగేదాకా ఇద్దరి మధ్యా తిట్లు లేవు, ఎత్తిపొడుపులు లేవు. వాగు దగ్గర బట్టలు పిండుకుంటున్నప్పుడు అన్నయ్య నా వైపు చూడకుండా అడిగాడు.

"అక్కడ నువ్వెందుకు కూర్చున్నావు?"

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పాడు. ఆ మనిషిని దాటి వెనక్కి చూస్తే, టోపీ కింద ఉన్నది నా మొహమట. నేను ఏడుస్తూ, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపానట. ఆ నిమ్ఫా వెనక మరో నిమ్ఫా, మా వరసలో ఉండాల్సిన చోట కూర్చుని, తనని చూసి నవ్విందట. ఎవర్ని వద్దనాలో, ఎవర్ని రమ్మనాలో తెలీక రెండు మాటలూ తనే అన్నాడట.

ఇంటికొచ్చాక అమ్మ ముగ్గుర్నీ కావలించుకుంది. దెల్ఫిన్ సెలవు ఇంకా ఉంది. ఓ సాయంత్రం అన్నం దగ్గర ఉన్నట్టుండి అడిగాడు, గట్టు మీద నేను అతని వెనక్కి ఎప్పుడు వెళ్లానని.

నేను వెళ్లలేదన్నాను. మధ్యలోంచి కదల్లేదన్నాను.

"మబ్బులో నా వెనకనుంచి పిలిచి చొక్కా తిప్పమన్నావు. తప్పుకోమన్నావు. తల వంచాను. నా మీదుగా దాటి ముందుకెళ్లావు," అన్నాడు. కంచం వైపే చూస్తూ అన్నాడు. "అప్పటిదాకా నా ముందు ఎవరూ లేరు నిమ్ఫా. ఖాళీ గట్టే ఉంది."

నేను నవ్వేద్దామనుకున్నాను. అతను నవ్వలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరికీ బాగా పడుతోంది. సాయంత్రమైతే అన్నయ్య వస్తాడు, ఇద్దరూ అరుగు మీద కూర్చుని కల్లు తాగుతారు. ఒకళ్లకొకళ్లు బావా బావా అంటూ తగ్గు గొంతుతో ఏదో చెప్పుకుంటారు. నేను గుమ్మంలోకి వస్తే ఆపేస్తారు. నేను వెనక నడుస్తుంటే దెల్ఫిన్ ఆగి, నన్ను ముందుకి వెళ్లనిచ్చి, అప్పుడు కదులుతాడు.

నిన్న అతని సంచి అడుగున ఆ రోజు వేసుకున్న చొక్కా దొరికింది. మట్టితో బిగుసుకుపోయి ఉంది. భుజాల మీద రెండు అరచేతుల అచ్చులు. వేళ్ల కొసలు ఛాతీ వైపుకి వంగి ఉన్నాయి. వెనకనుంచి చేతులు వేసినవాళ్లవి.

నా చేతులు వాటి మీద పెట్టి చూశాను. వేలికి వేలు సరిపోయింది.

ఉతుకుదామని బకెట్లో వెయ్యబోతుంటే దెల్ఫిన్ గబగబా వచ్చి లాక్కున్నాడు. ఉతకొద్దన్నాడు. దాన్ని తీసుకెళ్లి అరుగు మీదున్న అన్నయ్యకి ఇచ్చాడు. మా అన్నయ్య దాన్ని మడిచి, చంకలో పెట్టుకుని, ఎందుకని నేను అడిగేలోపే, వీపు నాకు కనిపించకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్లు దిగాడు.