వంతెన చెంచా

ఇలా దగ్గరికి జరగండి, ఆ కుర్చీ కూడా ఇటు లాక్కోండి. మా వెర్మాంట్ కొండల్లో, మిల్‌బ్రూక్‌లో, లవీనియా ఇంట్లో జరిగిన ముచ్చట ఇది.

మా ఊరికి పేరు తెచ్చిన చెక్క వంతెన ఎప్పుడో వరదకి కొట్టుకుపోయింది. ఇప్పుడది వెండి చెంచాల కాడల మీద చెక్కిన బొమ్మగానే మిగిలింది. లవీనియా గోడ నిండా పాత వెండి చెంచాలే. ఒకదాని మీద నూలు మిల్లు, ఇంకోదాని మీద చర్చి గంట. వంతెన చెంచా మాత్రం ఆమె ప్రాణం. రోజూ టీ కలిపే ముందు దాని గుంటలో బొటనవేలు పెట్టి నిమురుకునేది.

ఊరి పండుగకి హాల్లో చెంచాలు పేర్చే రోజు వచ్చింది. పళ్లొస్తున్న చంటి మనవరాలు టిల్లీ పొద్దుటినుంచీ ఒకటే పేచీ. దాన్ని చంకనేసుకుని అట్లు పోస్తున్న కోడలు కొరీన్, మెరుగు పెట్టిస్తానని తీసుకెళ్లిన ఆ వంతెన చెంచాని నవ్వుతూ అత్తగారి అరచేతిలో పెట్టింది.

లవీనియా బొటనవేలు గుంటలోకి వెళ్లి ఆగిపోయింది.

"గాట్లేవమ్మా?"

"ఆ సొట్టలా? తీయించేశాను అత్తయ్యా. పోయినేడు పండుగలో బెర్తా పిన్ని అందరిముందూ సొట్టల చెంచా అని నవ్విందిగా. ఈసారి నవ్వమనండి చూద్దాం."

"అవి సొట్టలు కావు తల్లీ. నీ మొగుడి పళ్లు."

అట్టు మాడిపోతున్నా కొరీన్ కదల్లేదు. అత్తగారు చెప్పుకొచ్చింది: వరదరోజు ఊరంతా కొండమీద చర్చిలో తలదాచుకుందట. పళ్లొస్తూ ఏడ్చే పసివాడు, కొడుకు వెండెల్‌కి లవీనియా ఆ చెంచానే కొరకనిచ్చిందట. వాన వెలిసేసరికి వంతెన లేదు, వాడి పంటి గాట్లు మాత్రం వెండి మీద ఉన్నాయి.

"నా పళ్లు నా నోట్లోనే ఉన్నాయి కదే అమ్మా," అన్నాడు బల్ల దగ్గరున్న వెండెల్, తేలిక చేద్దామని.

"ఆ పాలపళ్లు తెచ్చివ్వు మరి," అంది లవీనియా. చెంచా బల్లమీద పెట్టేసి, హాలుకి తను రానంది. కొరీన్‌కి కన్నీళ్లు ఆగలేదు. ఈ ఇంట్లో మంచి చేయబోతే కూడా చెడే అవుతుందని వెక్కుతూ కూర్చుంది.

ఇంతలో ఒళ్లోని టిల్లీ చెయ్యి చాచి చెంచా అందుకుని, కొత్తగా మొలిచిన పళ్లతో గట్టిగా కొరికింది. కొరీన్ గబుక్కున లాగబోతే లవీనియా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. దాని పని దాన్ని చేసుకోనీ."

చంటిది వదిలాక తడిచెంచా గుంటలో అత్తగారు వేలు పెట్టింది. తర్వాత కోడలి వేలు పట్టుకుని అక్కడే పెట్టించింది. సన్నటి గాటు తగిలింది. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.

ఆ సాయంత్రం హాల్లో బెర్తా వంగి చూసి, ఇంకా సొట్ట పోలేదేమని అడిగింది. కొరీన్ తల ఎత్తి చెప్పింది.

"సొట్ట కాదు పిన్నీ. మా పిల్ల పన్ను."

ఇది గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి పళ్లొచ్చేటప్పుడు, వాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పండి.