'వ' తర్వాత ఏముంది

మా ఆఫీసులో ఆ మూల గదికి చెడ్డపేరుంది. రాత్రి డ్యూటీ వాళ్లెవరూ అందులో ఒంటరిగా కూర్చోరు. నేనైతే పగలు కూడా ఆ తలుపు దాటేటప్పుడు కాస్త వడివడిగానే నడుస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు.

చూడ్డానికి గదిలో ఏమీ ఉండదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి పెద్ద స్క్రీన్. మేం తయారుచేసేది నోట్సు రాసుకునే యాప్. ఒక ఫోన్‌లో రాసింది ఇంకో ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లంతా కలిసి ఒకే పుస్తకంలో రాసుకోవచ్చు. ఎవరి పుస్తకం దగ్గరైనా యాప్ కుప్పకూలితే ఆ స్క్రీన్ మీద ఎర్ర గీత వెలుగుతుంది, పక్కన గంట మోగుతుంది.

కానీ రోజూ రాత్రి... జనం పడుకునే వేళకి... ఒకే పుస్తకం. ఒకే గీత.

"చెల్లి రాస్తోంది..." అని వచ్చేది. కాసేపు అలాగే ఉండేది. ఆ తర్వాత గంట మోగేది.

ఇందులో భయపడ్డానికేముంది అంటారా? ఆ చెల్లి పోయి అప్పటికి నెలలైంది.

ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది నేనే కాబట్టి ఆ సంగతి ముందు నా చెవినే పడింది. ఫోన్ చేసింది వాళ్లక్క. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పని ఆవిడది. "ఆ పుస్తకం తెరిస్తే చాలు, యాప్ మూసుకుపోతోందమ్మా" అంది. నేను అలవాటుగా చెప్పేశాను — ఆ పుస్తకం వదిలేయండి, కొత్తది మొదలుపెట్టుకోండి అని. 

"కొత్తదాంట్లో మా చెల్లి రాయదుగా..." అంది. "అది పోయింది."

వెంటనే వెళ్లి రాత్రి డ్యూటీ వాళ్లకి ఆ సంగతి చెప్పాను.

విషయం తెలిశాక వాళ్లలో ఒకాయన భయం తట్టుకోలేక గంట వైరు పీకేశాడు. మర్నాడు రాత్రి గంట మోగలేదు, గీత మాత్రం వచ్చింది. నిశ్శబ్దంగా. "మోగడమే నయం తల్లీ" అని తనే మళ్లీ వైరు తగిలించాడు.

ఇక్కణ్ణుంచి నేను చూసింది కాదు, మాస్టారు చెప్పగా విన్నది. మాస్టారంటే బడి మాస్టారు కాదు, మా యాప్ రాసేవాళ్లలో ఒకాయన. ఎవరు మెసేజ్ పెట్టినా అందులో ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది తిరిగి పంపిస్తాడు, అందుకని ఆ పేరు పెట్టాం. "వెళ్లండి మాస్టారూ, దెయ్యానికి గుణింతం నేర్పండి" అని మేమే ఆటపట్టించి ఆ గదిలోకి తోశాం. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ మనసు పీకుతుంది.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పాత పనేదో మన దగ్గరే ఇరుక్కుని రోజూ లేస్తోంది" అనుకుంటూ కూర్చున్నాడట ఆయన. కారిడార్‌లో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు...

స్క్రీన్ వెలిగింది.

"చెల్లి రాస్తోంది..."

 ఎందుకన్నాడో తెలీదు గానీ, "రాయమ్మా..." అన్నాడట మెల్లగా.

గంట మోగింది.

పాడైన పుస్తకాన్ని అప్పుడు పేజీ పేజీగా విప్పాడు. పుస్తకం పేరు 'ఇంటి పోరు'. అక్కాచెల్లెళ్లిద్దరే ఒక ఇంట్లో ఉండేవాళ్లు. అక్కకి పగలు పని, చెల్లెలికి రాత్రుళ్లు బేకరీలో పని. ఒకరు ఇంటికొచ్చేసరికి ఇంకొకరు ఉండరు కాబట్టి మాటలన్నీ అందులోనే. "పాలు విరిగాయి, నన్ను తిట్టకు." "నీ గొడుగు నా దగ్గరుంది, ఏడవకు." "మొద్దూ, తాళం మళ్లీ తలుపుకే వదిలేశావ్." చదువుతూ ఒక్కడే నవ్వుకున్నాడట.

ఆ తర్వాత పేజీలు ఖాళీ. ఇద్దరికీ పడలేదు.

దేనికంటే, పిల్లి గురించి. అక్కకి పిల్లి బొచ్చుతో తుమ్ములు. చెల్లెలు డ్యూటీకెళ్లిన రోజు, చెప్పాపెట్టకుండా అక్క దాని పిల్లిని ఎవరికో ఇచ్చేసింది. చెల్లెలు ఇల్లు వదిలి వేరే గది తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ అంది, "నా గడప తొక్కొద్దు" అని. పిల్లి కోసం ఇంత రాద్ధాంతమా అంటారేమో... అక్కాచెల్లెళ్లు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

తర్వాత కొన్నాళ్లకి చెల్లెలికి జ్వరం. ఆస్పత్రిలో చేర్చారని పక్కింటివాళ్ల ద్వారా అక్కకి తెలిసింది. చెప్పులు వేసుకుంది, మళ్లీ విప్పేసింది. "ఒక్కసారి రమ్మంటే వెళ్దాం... అదే పిలవనీ" అనుకుని రాత్రంతా ఫోన్ చూస్తూ కూర్చుంది. అప్పుడే ఆ పుస్తకంలో "చెల్లి రాస్తోంది" అని కనిపించింది. ఆత్రంగా తెరిస్తే యాప్ మూసుకుపోయింది. ఎన్నిసార్లు తెరిచినా అంతే. తెల్లారేసరికి చెల్లెలు లేదు.

"నాకు ఒక్కటే తెలియాలి బాబూ. రమ్మందా... వద్దందా?" అంతకుముందే ఫోన్‌లో ఇదంతా చెప్పి, ఆవిడ మాస్టార్ని అడిగింది అదొక్కటే.

చిట్టచివరి పేజీ తెరిచాడు ఆయన.

"అక్కా రావ"

దాని పక్కన ఒక చిన్న ఖాళీ డబ్బా. అంతే.

తప్పు మాదే. యాప్ రాతని ముక్కలు చేసి పంపుతుంది. ఎక్కడ కొయ్యాలో సరిగ్గా చూసుకోలేదు. సగం మాట ఒక ముక్కలో, మిగతా సగం ఇంకో ముక్కలో పడింది. 'వ' వచ్చింది. దాని వెనక రావాల్సింది రాలేదు. ఆ మిగతాదాని కోసం తడుముకుని యాప్ కూలిపోతోంది. ఊరందరి ఒత్తులూ దిద్దే మనిషి రాసిన భాగమే అది.

'వ' తర్వాత ఏముంది? 'రావే' కావచ్చు. 'రావద్దు' కావచ్చు.

మర్నాడు సాయంత్రం షాపు మూశాక ఆవిడే ఆఫీసుకొచ్చింది. భుజాన సంచీ, వేళ్లకి అద్దాలు తుడిచే మందు వాసన. మాస్టారు ఆ మూల గదిలోనే కూర్చోబెట్టాడు. సగం మాట చూపించడానికి ఆయనకి మనసొప్పలేదు. రమ్మని పిలిచిందని తెలిస్తే ఈ మనిషి బతుకుతుందా? వద్దందంటే బాధపడుతుంది... కానీ వెళ్లనందుకు తనని తాను తిట్టుకోవడం మానేస్తుంది. అలా లెక్క వేసుకున్నాడు పిచ్చి మాస్టారు.

ఖాళీ డబ్బా చెరిపేసి, ఆ చోట 'ద్దు' అని టైప్ చేశాడు.

యాప్ కూలలేదు. పేజీ నిలబడింది. ఆవిడ తన ఫోన్‌లో పుస్తకం తెరిచింది.

"అక్కా రావద్దు."

చాలాసేపు చూసింది. "కోపం పోలేదన్నమాట" అంది. తల ఊపింది. "పోన్లే. ఎలాగూ వద్దనే అంది కదా, నేను వెళ్లకపోవడమే నయం..." కన్నీళ్లు కారుతున్నా ముఖం తేటపడిందట. సంచీ సర్దుకుని లేచింది.

అప్పుడు...

సంచీలో ఏదో కదిలింది.

సన్నగా ఒక్కసారి అదిరి ఊరుకుంది.  గోడ మీద స్క్రీన్ తనంతట తనే వెలిగింది.

"చెల్లి రాస్తోంది..."

"బాబూ..." అంది ఆవిడ. చేతిలో ఫోన్ వైపు చూపించింది. ఆ పేజీలో, ఇద్దరి కళ్లముందే, 'ద్దు' మాయమైంది. 'వ' ఒక్కటే కాసేపు నిలబడింది. దాని నెత్తిన మెల్లగా ఏత్వం వచ్చి కూర్చుంది.

"అక్కా రావే."

మాస్టారు సంచీ వైపు తిరిగాడు. "సంచీలో... ఏముందమ్మా?"

ఆవిడ బయటికి తీసింది. మూలన పగిలిన ఫోన్. చెల్లెలిది. "దీని లాక్ నాకు తెలీదు. రోజూ పడుకునేముందు చార్జింగ్ మాత్రం పెడతా. అది బొత్తిగా ఆరిపోతే... చూడలేను. ఇవాళ మీకేమైనా పనికొస్తుందేమోనని చార్జింగ్ పెట్టి తెచ్చా."

అప్పుడర్థమైంది ఆయనకి. ఆస్పత్రి మంచం మీద ఆ పిల్ల రాసిన గుణింతం మా దాకా రాకుండా ఆ ఫోన్‌లోనే ఉండిపోయింది. రోజూ రాత్రి ఈవిడ చార్జర్ తగిలించగానే ఫోన్ మేలుకుని, దాన్ని పంపాలని చూసేది. విరిగిన పేజీ దగ్గర యాప్ కూలిపోయేది. ఇన్నాళ్లూ మా తలుపు తట్టింది దెయ్యం కాదు, ఒక ఏత్వం. ఇవాళ పేజీ బాగవగానే లోపలికొచ్చేసింది. ఒకేచోట ఇద్దరు రాస్తే, మొదలుపెట్టిన మనిషి రాతే చెల్లాలని మా యాప్‌లో నియమం. అందుకే మాస్టారు పెట్టిన 'ద్దు' కొట్టుకుపోయింది.

ఇదంతా ఆవిడకి నెమ్మదిగా చెప్పాడు. 'ద్దు' తనదేనని కూడా ఒప్పుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు. అసలు విందో లేదో. ఏత్వం మీద వేలుపెట్టి చూస్తోంది.

"ఇది మాత్రం మీరు పెట్టింది కాదుగా?" గుసగుసగా అడిగింది.

"కాదమ్మా. అది ఆమే పెట్టింది."

"పిలిచిందన్నమాట..." చెల్లెలి ఫోన్‌ని రెండు చేతులతో ఒళ్లో పెట్టుకుంది. "రోజూ రాత్రి నా పక్కనే పిలుస్తూ ఉందన్నమాట. నేనే... చార్జింగ్ పెట్టి, లైటార్పేసి, అటు తిరిగి పడుకునేదాన్ని."