ఎండలోనే పనిచేసే విషం

రన్నింగ్ ట్రాక్ మీద పరిగెడుతూనే ఒక కమాండో కుప్పకూలి చనిపోయాడు. డాక్టర్లు వడదెబ్బ అన్నారు.

"హత్య," అన్నాడు చీఫ్, బ్రీఫింగ్ రూమ్ తలుపు వేస్తూ. "ఎండలో పరిగెడితే రక్తమంతా చర్మానికీ కండరాలకీ పోతుంది. పేగులకి అందదు. పేగు గోడ వదులై లోపలి విషం రక్తంలోకి కారుతుంది. ఆ గోడని కాపాడాలనే మనవాళ్లకి సప్లిమెంట్ పౌడర్ నీళ్లలో కలిపి ఇస్తున్నాం. విదేశీ ముఠా అందులో ఏదో కలిపింది. అది గోడని ఇంకా చీలుస్తుంది."

"ల్యాబ్ గాడిదలు కాస్తోందా?" అంది ఏజెంట్ కందిరీగ.

"ఏసీ గదిలో కూర్చుని తాగితే ఏమీ కాదు. అందుకే టెస్టులన్నీ పాస్."

కందిరీగ పళ్లు నూరింది. ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు.

"రేపటి పరుగు పరీక్ష ఆపించండి. అందులో మా తమ్ముడున్నాడు."

"ఆపితే ముఠా జారుకుంటుంది. కలిపే చెయ్యి ఎవరిదో తెలియాలి."

"అంటే మావాడు ఎరా?"

చీఫ్ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కుర్చీని ఒక్క తన్ను తన్ని బయటికి నడిచింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. నీళ్లందించే మనిషి వేషంలో ట్రాక్ పక్కన టేబుల్ దగ్గర నిలబడింది. కమాండోలు మింగిన క్యాప్సూల్ థర్మామీటర్లు ఒంట్లో వేడిని ఆమె వాచీకి పంపుతున్నాయి. అంకెలు పెరుగుతున్నాయి.

నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో జట్టు డైటీషియన్ వచ్చింది. ముఠాలో చీఫ్ రహస్యంగా పెట్టుకున్న మనిషి ఆమే.

"నీడెక్కడుంది?" అడిగింది డైటీషియన్. కోడ్ మాట.

"ఎండ వెనకాల."

"విషం ఆ పౌడర్ డబ్బాల్లో ఉంది, తీసెయ్. నేను కలిపిన సీసాలు ఇవ్వు."

కందిరీగ డబ్బాలు తీసింది. ఒక్కదాని సీలూ ఊడలేదు. సీసాల మూతలు మాత్రం వదులుగా ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వొకటి తాగు."

"ఓ, దానికేం!" నవ్వింది డైటీషియన్.

"తాగి, వీళ్లతో ఒక రౌండ్ పరిగెత్తు."

నవ్వు ఆరిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. కందిరీగ టేబుల్‌ని ఎత్తి ఆమె మీదకి తోసింది. పిస్టల్ దుమ్ములో పడింది.

అప్పటికే పరుగున వచ్చిన తమ్ముడు దొర్లుతున్న సీసా ఒకటి అందుకుని నోటి దగ్గర పెట్టేశాడు. అక్క దెబ్బకి సీసా గాల్లోకి ఎగిరింది.

"అక్కా! నువ్విక్కడేంటి? దాహంతో చస్తున్నా!"

"తాగుంటే నిజంగానే చచ్చేవాడివిరా!"

గార్డులు బేడీలు వేస్తుంటే డైటీషియన్ మెల్లగా అంది. "మీ చీఫ్‌కి నా మీద అనుమానం ఎప్పట్నించో ఉంది. అయినా నీకు చెప్పలేదు."

సాయంత్రం చీఫ్ అభినందనగా చెయ్యి చాపాడు. కందిరీగ అందుకోలేదు.

"చిన్న ఇబ్బంది," అని గొంతు సవరించుకున్నాడు చీఫ్. "పరుగు మధ్యలో ఆగాడు. రూల్ ప్రకారం మీ తమ్ముడు ఫెయిల్."

"బతికుండి ఫెయిలయ్యాడు సార్. మీకు అదే మింగుడుపడటం లేదు."