దీపం వెలిగితే దంపతులు

సోమవారం తెల్లవారుజామున, తూర్పు కూటమి దేశమొకదాని రాజధానిలో, జైలు గోడకు నిలబెట్టి ఇద్దరిని కాల్చేశారు. ఒకాయన రైల్వే ఇంజనీరు, రెండో ఆయన పశువుల డాక్టరు. ఇద్దరూ అమెరికాకు రహస్యంగా కబుర్లు పంపుతున్నవాళ్లే. ఆ వార్త వాషింగ్టన్ చేరిన బుధవారం ఉదయం హోబర్ట్ లిండ్‌క్విస్ట్ కాఫీ ముట్టలేదు.

అది 1961 ఏప్రిల్. లిండ్‌క్విస్ట్ నడిపే ఆఫీసుకు బోర్డు లేదు, టెలిఫోన్ డైరెక్టరీలో పేరు లేదు. అలాంటి ఆఫీసు ఒకటి ఉందని ఊళ్లో టాక్సీవాళ్లకు మాత్రం బాగా తెలుసు. తలుపు గడియపెట్టి ఇద్దరిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడాయన. ఒకడు ఏజెంట్ ఎల్లిస్ ప్రూయిట్. నలభైకి దగ్గరపడ్డ బ్రహ్మచారి, నాలుగైదు భాషల్లో తడుముకోకుండా అబద్ధమాడగలడు. రెండోవాడు రేమండ్ డెక్కర్, భద్రతా విభాగం అధిపతి. కత్తిరించిన పచ్చికలా పొట్టి జుట్టు, కోటుకు చిన్న సిలువ గుర్తు, చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పే నోరు.

"మనలోనే ఎవడో అమ్ముతున్నాడు," అన్నాడు లిండ్‌క్విస్ట్. "అక్కడ మనకిక ఒక్కడే మిగిలాడు. తోటమాలి."

తోటమాలి అన్నది కోడ్ పేరు. అసలు పేరు ఏ కాగితం మీదా లేదు, లిండ్‌క్విస్ట్ తలలో తప్ప. అక్కడ ఆ మనిషికి పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఆ పేరు వాషింగ్టన్‌లో శత్రు రాయబార కార్యాలయం నుంచి గూఢచారుల ముఠా నడిపే కల్నల్ వాసిలెక్ చెవిన పడితే, అదే జైలు గోడ మళ్లీ తడుస్తుంది.

డెక్కర్ దొంగ పేరు ముందే పట్టుకొచ్చాడు. కోడ్ రూమ్ గుమాస్తా ఆర్లో ఫెంటన్. ఆ కుర్రాడు మగవాళ్లను ప్రేమించే మగవాడని డెక్కర్‌కు ఏనాటినుంచో అనుమానమట. అలాంటివాళ్లను శత్రువు బ్లాక్‌మెయిల్ చేస్తాడు కాబట్టి వాళ్లెవరికీ ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదన్నది ఆనాటి రూలు. ఆ రూలు చేతబట్టుకుని డెక్కర్ వందలమందిని వీధిలో నిలబెట్టాడు. అదే రూలును వేదికలెక్కి అరిచి సెనేటర్ హోల్‌కోంబ్ మూడు ఎన్నికలు గెలిచాడు.

"రాగి కెటిల్ అని ఒక బార్ ఉంది," అన్నాడు డెక్కర్. "కిందటి శీతాకాలం నేనే వెళ్లాను. వాసిలెక్ కారు డ్రైవరు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు ఫెంటన్. గంటసేపు ఈ కళ్లతో చూశాను. చుట్టూ మగాళ్లు మగాళ్లతో డాన్సులు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోకుండా ఉండటం ఏజెంట్లకు మొదటి ఏడాదే నేర్పిస్తారు. ప్రూయిట్ భుజాలు కదల్లేదు. డెక్కర్ పచ్చి అబద్ధం చెబుతున్నాడు, ఆ సంగతి ప్రూయిట్‌కు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పాడంటే తన పని అయిపోయినట్టే.

రాగి కెటిల్‌కు ఒక ఆచారం ఉంది. కొత్త మొహం లోపల అడుగుపెట్టగానే సర్వర్ పియానో మీది దీపం వెలిగిస్తాడు. దీపం వెలగడం ఆలస్యం, మగ జంటలు విడిపోతాయి, ఆడ జంటలు విడిపోతాయి, ఎవరికి దగ్గరున్నవాళ్లను వాళ్లు పట్టుకుని కొత్త జంటలవుతారు. వచ్చినవాడు తల తిప్పేసరికి గది నిండా ముచ్చటైన మొగుడూ పెళ్లాలే కనిపిస్తారు. పోలీసుల దాడులకు భయపడి పుట్టిన ఆచారమది. ఆ బార్‌లో మగవాడు మగవాడితో నాట్యమాడగా చూసిన పరాయివాడు ఇంతవరకూ లేడు. చూశానన్నవాడు లోపలివాడై ఉండాలి, లేదా ఎవరో చెప్పిన కథ అప్పజెప్పేవాడై ఉండాలి. డెక్కర్ లోపలివాడు కాడు. ఎందుకంటే ప్రూయిట్ పదకొండేళ్లుగా లోపలివాడు.

డెక్కర్ ఇంకో మాట కూడా అన్నాడు. ఫెంటన్ అరెస్టయ్యాక వాసిలెక్ తొందరపడతాడనీ, ఈలోపు తోటమాలిని సరిహద్దు దాటించాలనీ, అందుకు ఆ పేరు తనకు కావాలనీ. రేపు ఉదయం సెనేటర్ పెట్టే ప్రార్థనా విందులో చెవిలో చెబుతానన్నాడు లిండ్‌క్విస్ట్. ఈ గోడల మధ్య మాత్రం చెప్పనన్నాడు.

ప్రూయిట్‌కు అప్పగించిన పని వేరు. ఆ సాయంత్రం ఆ రకం మనిషిలా వేషం వేసుకుని బార్‌కు వెళ్లాలి, ఫెంటన్‌ను సాక్ష్యంతో పట్టుకోవాలి. వేషం సంగతి డెక్కర్ స్వయంగా చూసుకున్నాడు. ఊదారంగు టై ఒకటి తెచ్చి మెడకు కట్టాడు. మణికట్టు ఎలా వాల్చాలో చూపించాడు. నడుము అలా కాదు, ఇలా తిప్పాలన్నాడు. ఆయన నడక చూస్తూ ప్రూయిట్ పెదవి కొరుక్కుని, బుద్ధిగా నేర్చుకున్నాడు.

"పెళ్లి కావలసినవాడివి, నీకిది ఇబ్బందే," అని భుజం తట్టాడు లిండ్‌క్విస్ట్. "మార్గోకి నేను సర్దిచెబుతాలే."

ఆరు దాటాక, ఆఫీసులు వదిలిన సందడిలో, ప్రూయిట్ రాగి కెటిల్ తలుపు తోశాడు. సిగరెట్ డబ్బాలో అమర్చిన టేప్ యంత్రం చొక్కా జేబులో వెచ్చగా తిరుగుతోంది. సర్వర్ ఓటిస్ ఆ టై చూసి దీపం స్విచ్ మీద చెయ్యి వేసి, మొహం చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత గది గదంతా పగలబడి నవ్వింది. ఏం ఎల్లిస్, ఎవరితో పందెం ఓడిపోయావని ఒకరు, చాన్నాళ్లకు కనబడ్డావని ఇంకొకరు. పేరు పెట్టి పలకరించిన ప్రతి నోరూ టేపులోకి ఎక్కుతోందని గుర్తొచ్చి ప్రూయిట్‌కు చెమట పట్టింది.

డెక్కర్ పోలికలు చెప్పి అడిగితే ఓటిస్‌కు వెంటనే గుర్తొచ్చింది.

"వచ్చాడు సార్, ఒక్కసారి. సోడా తాగేంతసేపు నిలబడ్డాడు. దీపం ఆర్పనే లేదు నేను. ఒకావిడైతే పిల్లల ఫొటోలు కూడా చూపించింది ఆయనకి. ఎవరి పిల్లలో మరి, ఆ దేవుడికే తెలియాలి." ఆ రోజు ఆర్లో ఎవరితో ఉన్నాడని అడిగితే, పక్క బల్ల స్కూలు టీచరమ్మతో డాన్సు చేస్తూ ఆవిడ కాలు తొక్కాడని చెప్పాడు.

ఆ టీచరమ్మ ప్రియురాలే మార్గో వెల్స్. నల్ల పట్టు గౌను, మోచేతుల దాకా గ్లవ్స్, పియానో పక్కన పాట. లిండ్‌క్విస్ట్ వండి ఇచ్చిన కబుర్లు వాసిలెక్‌కు అమ్ముతుంది, వాసిలెక్ కబుర్లు తెచ్చి లిండ్‌క్విస్ట్‌కు అమ్ముతుంది. ఇద్దరూ ఆమెను సగమే నమ్ముతారు. ఆఫీసు పార్టీల్లో మాత్రం ఆమె ప్రూయిట్‌కు కాబోయే భార్య. వాళ్ల పెళ్లి నాలుగేళ్లుగా వచ్చే శరత్కాలంలోనే.

పాట అయ్యాక ఆమె వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. వాసిలెక్ మధ్యాహ్నం నుంచి ఈల వేస్తున్నాడని చెప్పింది. రేపు ప్రార్థనా విందులో ఎవరో అతనికి ఒక పేరు చెప్పబోతున్నారట. ఎవరన్నది మార్గోకు తెలియదు. విందులో ఆ పేరు వినబోయేది డెక్కర్ ఒక్కడేనని ప్రూయిట్‌కు తెలుసు. వాసిలెక్ చెయ్యి పట్టుకుని ఆ విందుకు వెళ్లేది మాత్రం తనే.

"పేరు చెప్పే మనిషి హాల్లోనే ఉన్నాడని వాడి నోట వింటే ఎడమ చేతి గ్లవ్ తీసేస్తాను. చూసుకో, కాబోయే శ్రీవారూ."

"నిన్నెలా నమ్మమంటావు?"

"నమ్మకు. నాలుగేళ్లుగా నీకు కాబోయే పెళ్లాన్ని. ఒక్క నిజమైనా చెప్పానా?"

బయటికొచ్చి ప్రూయిట్ వంతెన దాకా నడిచాడు. టేపులో ఓటిస్ మాట ఉంది, డెక్కర్‌ను పట్టించడానికి అది చాలు. కానీ అందులోనే పాతికమంది గొంతులున్నాయి, పేర్లున్నాయి. ఒక్కొక్క పేరు వెనకా ఒక ఉద్యోగం, ఒక అద్దె ఇల్లు, ఏమీ తెలియని ఒక తల్లి. సిగరెట్ డబ్బాను అలాగే పొటోమాక్ నదిలోకి విసిరేశాడు. ఇక మిగిలిన సాక్ష్యం తన నోరొక్కటే. ఆ నోరు విప్పితే ఉద్యోగం, పరువు, పింఛను అన్నీ పోతాయి. విప్పకపోతే ప్రాణం పోతుంది, అదీ ముక్కూ మొహం తెలియని తోటమాలిది. ఆ సాయంత్రమే లిండ్‌క్విస్ట్ ఇంటి ముందు దాకా వెళ్లి, గంట నొక్కకుండా తిరిగొచ్చేశాడు. భయపడ్డాడు. దాచడమెందుకు, చాలా భయపడ్డాడు.

గురువారం ఉదయం హోటల్ పెద్ద హాలు కిటకిటలాడింది. గుడ్లు, వేయించిన పంది మాంసం, బిస్కట్లని పిలిచే మెత్తటి రొట్టెల మీద గ్రేవీ. సెనేటర్లు, వాళ్ల భార్యలు, రాయబారులు. దేవుడు లేడనే ప్రభుత్వం పంపిన కల్నల్ వాసిలెక్ కూడా కళ్లు మూసుకుని భక్తిగా నమిలాడు. పక్కనే మార్గో, తెల్ల గ్లవ్స్‌తో. ముందు బల్ల దగ్గర లిండ్‌క్విస్ట్, డెక్కర్ పక్కపక్కనే ఉన్నారు. ప్రూయిట్‌కు వెనక బల్ల దొరికింది.

సెనేటర్ హోల్‌కోంబ్ లేచాడు. ప్రభుత్వంలో చెదలు పట్టిందన్నాడు. ఆ వికృత మనుషుల్ని ఏరిపారేసేదాకా ఈ దేశానికి నిద్ర లేదన్నాడు. రేమండ్ డెక్కర్‌లాంటి కాపలాదారులు ఉన్నంతవరకు భయం లేదన్నాడు. చప్పట్లు మోగాయి. డెక్కర్ సిగ్గుపడుతూ తల వంచాడు. కంచే చేను మేస్తుంటే ఊరంతా చప్పట్లు కొట్టడం ప్రూయిట్ అదే మొదటిసారి చూడటం.

ఆ చప్పట్ల మధ్యే మార్గో ఎడమ చేతి గ్లవ్ వేలు వేలుగా లాగి, తీసి బల్ల మీద పెట్టింది. అది నిజమో, వాసిలెక్ ఆడిస్తున్న ఆటో ప్రూయిట్‌కు తెలియలేదు. ముందు బల్ల దగ్గర లిండ్‌క్విస్ట్ డెక్కర్ వైపు ఒరుగుతున్నాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు. ప్రూయిట్ వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుని, క్షమించండి, ఇంటి నుంచి ఫోన్ అంటూ స్తంభం చాటుకు నడిపించాడు.

"డెక్కర్‌కి పేరు చెప్పకండి సార్. అమ్ముతున్నది ఆయనే. ఆ బార్‌లో చూశానన్నాడే, అది చూడటం పరాయివాడికి సాధ్యం కాదు." దీపం సంగతి గబగబా చెప్పేశాడు.

లిండ్‌క్విస్ట్ మొహం బిగుసుకుంది. "ఒక్క సాయంత్రం వెళ్లొచ్చావు. అప్పుడే వాళ్ల గుట్టంతా నీకు చెప్పేశారా?"

"ఒక్క సాయంత్రం కాదు సార్. పదకొండేళ్లు."

హాల్లో మళ్లీ చప్పట్లు. లిండ్‌క్విస్ట్ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"మార్గో?"

"ఆమె కూడా అంతే. మా పెళ్లి జరగదు సార్. ఇద్దరం బాగానే ఉన్నాం."

లిండ్‌క్విస్ట్ వెనక్కి వెళ్లిపోయాడు. కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ ఒక గుక్క తాగాడు. ఆపైన డెక్కర్ భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. డెక్కర్ తలాడించాడు.

ప్రూయిట్ స్తంభం చాటు నుంచి అంతా చూశాడు. లిండ్‌క్విస్ట్ నమ్మలేదు. తన గొంతు తానే కోసుకుని చెప్పినా నమ్మలేదు. ఆదివారం పాఠాలు చెప్పేవాడి మాటే నెగ్గింది.

సెనేటర్ ప్రార్థన ముగించి, పరిచయం లేని ఒక మనిషితో చెయ్యి కలపండని అందరినీ కోరాడు. ఆ విందులో ఏటా జరిగే తంతే అది. డెక్కర్ తిన్నగా వాసిలెక్ దగ్గరికి నడిచాడు. ప్రూయిట్ జనాన్ని తోసుకుంటూ వెళ్లబోతే గట్టి చెయ్యి ఒకటి మణికట్టు పట్టుకుంది. లిండ్‌క్విస్ట్‌ది.

"కదలకు. చెప్పనీ."

అక్కడ చేతులు కలిశాయి. తల తలకు దగ్గరగా వంగింది. వాసిలెక్ చిరునవ్వు నవ్వాడు.

"సార్, తోటమాలికి పిల్లలున్నారు," అన్నాడు ప్రూయిట్.

"నేను చెప్పింది తోటమాలి పేరు కాదు. వాళ్ల రహస్య పోలీసుల్లో పైనుంచి రెండోవాడి పేరు. ఆ ఇద్దర్నీ గోడకు నిలబెట్టినవాడిది." లిండ్‌క్విస్ట్ చెయ్యి వదిలాడు. "అబద్ధం చెప్పాలనుకున్నవాడు నువ్వు చెప్పింది చెప్పడు ఎల్లిస్. నాకంత తెలుసు."

వారం తిరక్కుండా ఆ రెండోవాడిని సొంత మనుషులే దేశద్రోహి అని ఈడ్చుకెళ్లారు. ఆ పేరు లిండ్‌క్విస్ట్ డెక్కర్ చెవిలో తప్ప ఎక్కడా పలకలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తోటమాలి పెళ్లాం పిల్లలతో సరిహద్దు దాటాడు. ప్రూయిట్‌కు ఆ కబురు అందిన రోజు ఏడుపొచ్చింది.

మరుసటి సోమవారం లిండ్‌క్విస్ట్ పిలిపించాడు. ఈసారి ఆయన కాఫీ తాగుతున్నాడు కానీ కళ్లెత్తి చూడటం లేదు. బల్ల మీద ఉత్తర్వు ఉంది. శత్రువుల బెదిరింపులకు లొంగే అవకాశం ఉన్న వ్యక్తి కనుక ఎల్లిస్ ప్రూయిట్‌ను ఉద్యోగం నుంచి తొలగించడమైనదని అందులో రాశారు. ఆర్లో ఫెంటన్‌కు అప్పటికే అలాంటిది ఒకటి అందింది. అతను కోర్టుకెక్కుతానంటున్నాడు, సొంత పేరుతోనే.

"నన్ను ఏమని బెదిరిస్తారు సార్? మీకు నేనే చెప్పేశాను గదా."

"రూలు, ఎల్లిస్. నన్ను క్షమించు."

"ఆర్లోకి సాక్షి కావలసొస్తే నేను వెళ్తాను."

లిండ్‌క్విస్ట్ వద్దనలేదు. ప్రూయిట్ ఉత్తర్వు అందుకుని కింద సంతకం చూశాడు. రేమండ్ డెక్కర్, అధిపతి, భద్రతా విభాగం.

డెక్కర్‌ను అరెస్టు చేస్తే వాసిలెక్‌కు తెలిసిపోతుందట. కాబట్టి ఆయన్ను బెదిరించి మనవైపు తిప్పుకున్నారట. ఇకమీదట ఆయన వాసిలెక్‌కు మనమిచ్చిన అబద్ధాలే మోస్తాడట. ఎవరికీ అనుమానం రాకుండా అదే కుర్చీలో, అదే జీతం మీద, అదే పని చేస్తూ ఉండాలట. బ్లాక్‌మెయిల్‌కు ఇంత బాగా లొంగిన మనిషి ఇంతకుముందు దొరకలేదని లిండ్‌క్విస్ట్ చిన్నగా ఒప్పుకున్నాడు.

ప్రూయిట్‌కు ముందు ఒళ్లు మండింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా, బయట టైపిస్టులు తలలెత్తేదాకా నవ్వాడు.

"మెల్లగా నవ్వు ఎల్లిస్," అన్నాడు లిండ్‌క్విస్ట్ తలుపు వైపు చూస్తూ. "అది టాప్ సీక్రెట్."